ఉమ్మితో షుగర్ పరీక్ష: ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ వేయవచ్చా?

మిరపతోట (గుంటూరు):

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఆరో ఏట టైప్ 1 మధుమేహం బయటపడింది. అప్పటి నుంచి రోజుకు ఆరేడుసార్లు, జ్వరం వచ్చిన రోజుల్లో పదిసార్లు కూడా, వేలు గుచ్చి రక్తపు చుక్క తీసి చూస్తున్నాం. గోడకున్న క్యాలెండరులో ప్రతి తేదీ గడిలోనూ ఆ రోజు ఏ వేలికి సెలవో అమ్మాయే రాసి పెట్టుకుంటుంది. ఆదివారం ఎడమ ఉంగరపు వేలికి సెలవు, సోమవారం కుడి చిటికెన వేలికి సెలవు, ఇలా సాగుతుంది.

మొన్న మా బావగారు వాట్సాప్‌లో ఒక వీడియో పంపించారు. చిన్న పట్టీని నాలుక మీద తడిపి పరికరంలో పెడితే నిమిషంలో షుగర్ ఎంతో ఫోనులో కనిపిస్తుందట. ఆ వీడియో కింద ఉన్న లింకులో పరికరం 6,500 రూపాయలకు దొరుకుతుంటే, ఆలోచించకుండా ఆర్డరు పెట్టేశాను. ఇంకా చేతికి రాలేదు. లాలాజలంలోని చక్కెరను బట్టి రక్తంలోని చక్కెర తెలుసుకోవడం నిజంగా సాధ్యమేనా? సాధ్యమైతే, ఆ అంకెను చూసి ఇన్సులిన్ మోతాదు నిర్ణయించుకోవచ్చా? మా అమ్మాయికి ఒక్క యూనిట్ ఇన్సులిన్ షుగర్‌ను సుమారు 100 పాయింట్లు దించుతుంది. అందుకని అంకె తప్పితే ఏమవుతుందో మాకు బాగా తెలుసు.

కాకతీయ తోరణం (వరంగల్):

మిరపతోట గారూ, నేను డిగ్రీ కళాశాలలో జీవరసాయనశాస్త్రం చెబుతాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు కొంతవరకు అవును, రెండో ప్రశ్నకు జవాబు కాదు. ఒకదానికి అవునని, రెండోదానికి కాదని ఎందుకు అంటున్నానో కొంచెం వివరంగా రాస్తాను.

లాలాజలంలో చక్కెర ఉంటుంది, మధుమేహం ఉన్నవారి లాలాజలంలో సగటున ఎక్కువ ఉంటుంది. ఇది ఎన్నో పరిశోధనల్లో కనిపించిన విషయమే. అయితే ఎంత ఉంటుందన్నది ముఖ్యం. పరగడుపున ఆరోగ్యవంతుల రక్తంలో డెసిలీటరుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటే, లాలాజలంలో ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. అంటే దాదాపు నూరో వంతు. రక్తంలో 70 ఉన్న పిల్లకు వెంటనే ఏదో ఒకటి తినిపించాలి, 110 ఉన్న పిల్లను హాయిగా ఆడుకోనివ్వవచ్చు. ఈ రెండింటి మధ్య ఉన్న 40 మిల్లీగ్రాముల తేడా లాలాజలంలోకి వచ్చేసరికి 0.4 మిల్లీగ్రాములకు కుదించుకుపోతుంది. ఆ సన్నని తేడాను పట్టుకోగల సెన్సర్లు ప్రయోగశాలల్లో ఉన్నాయి, అందువల్ల కొలవలేకపోవడం అనేది ఇప్పుడు పెద్ద సమస్య కాదు. కొలిచిన దానికి అర్థం చెప్పుకోవడంలోనే చిక్కంతా ఉంది.

మీ ఇంట్లోని గ్లూకోమీటరు స్ట్రిప్పుల్లో చాలావాటిలో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది, కొన్నిటిలో దాని బదులు గ్లూకోజ్ డీహైడ్రోజనేజ్ వాడతారు. లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ 1962లో ప్రతిపాదించిన ఎంజైము ఎలక్ట్రోడు ఆలోచనే ఈ పరికరాలన్నిటికీ మూలం. ఎంజైము గ్లూకోజును ఆక్సీకరిస్తుంది, ఆ చర్యలో కదిలే ఎలక్ట్రాన్లను పరికరం విద్యుత్తుగా లెక్కిస్తుంది. లాలాజలపు సెన్సర్లలో అత్యధికం చేసేదీ ఇదే పని. కాకపోతే యూరిక్ యాసిడ్, విటమిన్ సి వంటివి కూడా అదే ఎలక్ట్రోడు దగ్గర ఎలక్ట్రాన్లను వదులుతాయి. రక్తంలో గ్లూకోజు ముందు అవి పిసరంత కాబట్టి పెద్దగా ఇబ్బంది పెట్టవు. లాలాజలంలో మాత్రం యూరిక్ యాసిడ్ తరచుగా గ్లూకోజు కంటే ఎక్కువే ఉంటుంది. ఊరేగింపులో పెళ్లికొడుకు కంటే తోడుపెళ్లికొడుకులే ఎక్కువమంది ఉన్నట్టన్నమాట. వాటిని అడ్డుకునే పొరలు వేయడంలోనే పరిశోధకుల శ్రమ చాలావరకు పోతుంది.

ఇక నోరు కడిగిన గాజు బీకరు లాంటిది కాదు. అన్నం, ఇడ్లీ తిన్న తరువాత పళ్ల మధ్య మిగిలిన పిండిపదార్థాన్ని లాలాజలంలోని అమైలేజ్ ఎంజైము విడగొట్టి చక్కెరలుగా మారుస్తూనే ఉంటుంది. మరోవైపు నోటిలోని బాక్టీరియా ఆ చక్కెరను తినేస్తూ ఉంటుంది. సేకరించిన లాలాజలాన్ని మంచులో పెట్టకుండా బల్ల మీద వదిలేస్తే, బాక్టీరియా తినేకొద్దీ అందులోని గ్లూకోజు తగ్గిపోతుంది. కాబట్టి మీరు కొలిచిన అంకెలో రక్తం నుంచి వచ్చినదెంత, తిండి నుంచి వచ్చినదెంత, బాక్టీరియా మింగినదెంత అన్నది విడదీసి చెప్పడం కష్టం.

పాత పరీక్షనాళిక (తెనాలి):

లెక్చరరు గారు చెప్పింది చదువుతుంటే మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. సూది గుచ్చకుండా షుగర్ చూసుకోవడం కొత్త సంగతేమీ కాదని ఈ తరం వారికి చెప్పాలని రాస్తున్నాను.

1970ల్లో మా ఇంట్లో గ్లూకోమీటరు లేదు. వంటింటి గూట్లో ఒక స్పిరిట్ దీపం, రెండు పరీక్షనాళికలు, కర్ర పట్టకారు, నీలిరంగు బెనెడిక్ట్ ద్రావణం ఉన్న సీసా ఉండేవి. పొద్దున్నే నాన్నగారు నాళికలో 5 మిల్లీలీటర్ల ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం లెక్కపెట్టి వేసి, దీపం మీద పట్టుకుని మెల్లగా ఊపుతూ మరిగించేవారు. రంగు నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చగా మారితే కొంచెం ఉన్నట్టు, ఆపైన పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. ఆ రంగు ఏమిటో మాకు చెప్పనవసరం లేకపోయేది. నాళికను దీపం మీద నుంచి తీసేటప్పటి ఆయన ముఖాన్ని చూసి, ఆ పూట కాఫీలో పంచదార ఉంటుందో లేదో అమ్మ చెప్పేసేది.

ఒక రోజు నారింజ రంగు వచ్చిందని ఆయన ఇన్సులిన్ కొంచెం పెంచి వేసుకున్నారు. పది గంటలకు బడిలో పాఠం చెబుతూ చెమటలు పట్టి కుర్చీలో ఒరిగిపోయారు. తోటి మాస్టారు ఎవరో నోట్లో బెల్లం ముక్క పెట్టాక తేరుకున్నారు. డాక్టరు గారు తరువాత చెప్పిన కారణం నాకు ఇప్పటికీ గుర్తుంది. తెల్లవారాక వదిలిన మూత్రం రాత్రంతా మూత్రాశయంలో పోగైనది. అది రాత్రి రక్తం ఎలా ఉందో చెబుతుంది గాని ఆ క్షణంలో ఎలా ఉందో చెప్పదు. పైగా రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే గాని మూత్రపిండాలు దాన్ని బయటకు వదలవు. కాబట్టి నీలం రంగు కనిపించిందంటే 170 ఉందో, 50 ఉందో తెలుసుకునే దారి లేదు.

వేలికి సూది వచ్చిందని అప్పట్లో ఎవరూ బాధపడలేదు. అది వచ్చినందుకు మా ఇంట్లో పండగ చేసుకున్నాం.

చిగురుబంతి (విజయవాడ):

నేను దంతవైద్యురాలిని. లెక్చరరు గారు నోటి గురించి చెప్పారు, నేను చిగుళ్ల గురించి ఒక లెక్క చెబుతాను.

మధుమేహం అదుపులో లేనివారికి చిగుళ్ల వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ. నా దగ్గరకు వచ్చేవారిలో పొద్దున బ్రష్ చేసుకుంటే రక్తం కనబడుతుందని చెప్పేవారు ఎందరో ఉంటారు, కనబడనంత కొద్దిగా కారేవారు ఇంకా ఎక్కువ. ఇప్పుడు పట్టీ మీద 100 మైక్రోలీటర్ల లాలాజలం పడిందనుకోండి, అంటే సుమారు రెండు చుక్కలు. దానిలో అర మైక్రోలీటరు రక్తం కలిసిందనుకోండి. కంటికి గులాబీ రంగు కూడా సరిగ్గా తెలియదు. ఆ రక్తంలో షుగర్ 200 ఉంటే, ఆ అర మైక్రోలీటరు ఒక్కటే లాలాజలం కొలతకు డెసిలీటరుకు ఒక మిల్లీగ్రాము కలుపుతుంది. అసలు ఉన్నదే ఒక మిల్లీగ్రామైతే అంకె రెట్టింపు అయిపోయినట్టే కదా. అంటే ఈ పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో, వారి నోట్లోనే ఎక్కువగా తప్పే ప్రమాదం ఉంది.

ఇంకొకటి నోరు ఎండిపోవడం. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుందని పుస్తకాల్లో ఉంటుంది. షుగర్ ఎక్కువగా ఉన్నవారికి, కొన్ని బీపీ మాత్రలు వాడేవారికి, పెద్ద వయసు వారికి అది బాగా తగ్గిపోతుంది. చింతకాయ పేరు చెప్పి ఊరించి తీసిన లాలాజలం, ఊరికే కూర్చోబెట్టి సేకరించిన లాలాజలం ఒకటి కావు. వేగంగా ఊరినదానిలో పదార్థాల పాళ్లు మారిపోతాయి. అందుకే పరిశోధనల్లో పాల్గొనేవారి నోరు నీళ్లతో పుక్కిలింపించి, కాసేపు ఆగి, తల వంచి గొట్టంలోకి దానంతటదే కారేలా సేకరిస్తారు. తొమ్మిదేళ్ల పిల్లతో బడి మధ్యాహ్నం విరామంలో ఇదంతా చేయించడం కంటే వేలు గుచ్చడమే త్వరగా అయిపోతుందని నా ఉద్దేశం.

ఇందూరు అబ్బాయి (హైదరాబాద్):

పెద్దలందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను మాట్లాడతాను. మా అమ్మకు 74 ఏళ్లు. నిజామాబాద్‌లో నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. వేళ్ల కొసలు గట్టిబడిపోయి లాన్సెట్ (వేలు గుచ్చే చిన్న సూది) గుచ్చితే మొదటిసారి రక్తం రాదు. రెండోసారి లోతు పెంచి గుచ్చితే నొప్పి అని చేయి లాగేసుకుంటుంది. ఆమెకు ఇన్సులిన్ లేదు, మెట్‌ఫార్మిన్ మాత్రలు మాత్రమే వాడుతుంది. ఆమెకు 140 అని కచ్చితంగా తెలియకపోయినా, బాగుందో బాగా లేదో తెలిస్తే చాలు. అలాంటివారికి లాలాజలపు పరీక్ష ఎందుకు పనికిరాదు?

ఇంకో మాట. నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను. ఒక్కొక్క మనిషి నిష్పత్తి ఒక్కో రకంగా ఉంటే, మొదటి వారం రక్తాన్నీ లాలాజలాన్నీ పక్కపక్కన కొలిచి ఆ మనిషికి సరిపోయే సూత్రం యంత్రమే నేర్చుకుంటుంది. ఇది ఇవాళ కష్టమైన పని కాదు.

కాకతీయ తోరణం (వరంగల్):

ఇందూరు అబ్బాయి గారూ, మీ రెండో మాటకు ముందు జవాబు చెబుతాను. పాలవాడు రోజూ లీటరుకు పావు లీటరు నీళ్లు కలుపుతున్నాడని తెలిస్తే, ఆ పాలలో అసలు పాలెన్నో ఇంట్లో కూర్చుని లెక్క కట్టవచ్చు. ఒకరోజు పావు లీటరు, మరుసటి రోజు అర లీటరు, ఎల్లుండి చెరువు నీళ్లు అయితే ఎంత గొప్ప లెక్కలవాడైనా చేతులెత్తేస్తాడు. మనిషికీ మనిషికీ మధ్య తేడాను సూత్రంతో సరిదిద్దవచ్చు. అదే మనిషిలో పొద్దుటికీ సాయంత్రానికీ, భోజనానికి ముందూ తరువాతా, చిగురు వాచిన రోజుకూ వాయని రోజుకూ మారే నిష్పత్తిని సరిదిద్దాలంటే, మారిందని యంత్రానికి ముందు తెలియాలి. అది తెలుసుకునేందుకు మళ్లీ వేలే గుచ్చాలి.

ఇంట్లో వాడే గ్లూకోమీటర్లకు ఐఎస్ఓ 15197 అనే ప్రమాణం ఉంది. దాని 2013 నాటి రూపం ప్రకారం, షుగర్ 100 కంటే తక్కువ ఉన్నప్పుడు కొలతల్లో 95 శాతం అసలు విలువకు 15 మిల్లీగ్రాముల లోపల ఉండాలి. 100, ఆపైన ఉన్నప్పుడు 15 శాతం లోపల ఉండాలి. లాలాజలం గురించి వచ్చే పత్రాలు చాలావరకు ఒక గుంపులో సగటున సంబంధం ఉందని చూపిస్తాయి. గుంపు సగటుకు సంబంధం ఉండటం వేరు, మీ అమ్మగారి ఈ పూట అంకె 15 శాతం లోపల ఉండటం వేరు. వార్తల్లో మొదటిది రాసి రెండోది అన్నట్టు వినిపిస్తారు.

మొదటి మాటలో మాత్రం మీతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ఇన్సులిన్ గాని, షుగర్‌ను ఉన్నట్టుండి పడగొట్టే మాత్రలు గాని వాడని పెద్దావిడకు రోజువారీ అంకె అవసరమే తక్కువ. డాక్టరు చెప్పిన వ్యవధిలో, సాధారణంగా మూడు నెలలకో ఆరు నెలలకో, హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయిస్తే గడిచిన రెండు మూడు నెలల సగటు తెలిసిపోతుంది. ఆవిడ వేళ్లను వదిలేయండి. ఆ రక్తం చేతి నరం నుంచి తీస్తారు.

సవర కొండ (టెక్కలి):

నేను ఏఎన్ఎంగా పని చేస్తున్నాను. ముప్పై ఏళ్లు దాటిన వారందరికీ బీపీ, షుగర్ చూసే పనిలో ఊళ్లు తిరుగుతాను. ఉమ్మితో పరీక్ష వస్తే మాకే ఎక్కువ ఉపయోగమని మీటింగుల్లో కొందరు అంటుంటారు. ఊళ్లో కూర్చుని చూసిన దాన్ని బట్టి నాకు అలా అనిపించదు.

మా దగ్గర పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అలా కాల్చేవారి అంగిలి చూస్తే గట్టిబడి, మచ్చలు పడి ఉంటుంది. మగవాళ్లలో ఖైనీ, గుట్కా. మిగిలిన వారు వక్క నములుతూ వస్తారు, లేకపోతే అప్పుడే పంచదార వేసిన టీ తాగి వస్తారు. నోరు కడుక్కుని అరగంట కూర్చోమంటే కూలికి టైమైపోతుందని లేచి వెళ్లిపోతారు. వేలికైతే స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, గుచ్చి, అంకె రాసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. సంవత్సరానికి ఒకసారి గుచ్చే సూదికి భయపడి పారిపోయిన వారిని నేను పెద్దగా చూడలేదు. అంకె ఎక్కువ వచ్చినవారు పరగడుపున మళ్లీ పరీక్షకు పీహెచ్‌సీకి రాకపోవడమే మా అసలు బాధ. ఉమ్మితో చూసినా ఆ రెండోసారి రావడం తప్పదు కదా.

కంగారూల ఊరు (సిడ్నీ):

ఆ వీడియోలో చూపించింది ఏ పని అన్నది నాకు తెలియదు గాని, లాలాజలపు పట్టీ అనగానే ఇక్కడివారికి గుర్తుకు వచ్చేది న్యూకాసిల్ విశ్వవిద్యాలయం. సిడ్నీకి ఉత్తరాన రెండు గంటల ప్రయాణం. అక్కడ పాల్ డస్తూర్ అనే ప్రొఫెసరు బృందం సౌర ఫలకాల కోసం ప్లాస్టిక్ ఎలక్ట్రానిక్స్ మీద పని చేస్తూ, సిరాలాగా ముద్రించగలిగే ట్రాన్సిస్టరులో గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమును ఇమిడ్చింది. లాలాజలంలో ఉన్నంత తక్కువ గ్లూకోజును కూడా అది పట్టుకుంటుందని 2021 జూలైలో ప్రపంచమంతా వార్త వచ్చింది. తయారీ కేంద్రం కోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం 63 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల సాయం ప్రకటించింది. ముద్రించే పద్ధతి కాబట్టి పట్టీ చాలా చవకగా వస్తుందన్నది దానిలోని ఆకర్షణ.

ఆ శాస్త్రంలో మోసం ఏమీ లేదు, మంచి పనే. కానీ ప్రయోగశాలలో సెన్సరు పని చేయడానికీ, వందలమంది రోగుల మీద రక్తంతో పోల్చి చూసి అనుమతి తెచ్చుకోవడానికీ మధ్య ఉన్న దూరం వార్తలో కనబడదు. నేను నెలనెలా మా ఆవిడ మందులకు వెళ్లే ఫార్మసీలో ఇప్పటికీ వేలు గుచ్చే స్ట్రిప్పులు, చేతికి అంటించే సెన్సర్లు తప్ప మరొకటి లేదు. ఆ సాంకేతికత హక్కులు తీసుకున్న సంస్థ 2022లో వేలిముద్ర చెమటతో మాదకద్రవ్యాల పరీక్ష చేసే వేరొక కంపెనీని కొని, ప్రధానంగా ఆ వ్యాపారం వైపు మళ్లింది.

రేడియో మెకానిక్ (రాజమహేంద్రవరం):

మిరపతోట గారూ, మీ ఆర్డరు వెంటనే రద్దు చేయండి. పరిశోధన ఇంకా పరిశోధనగానే ఉన్నప్పుడు 6,500కు లింకులో దొరికేది ఏమిటో ఒక్కసారి ఆలోచించండి.

నేనూ ఒకసారి ఇలాగే మోసపోయాను. రక్తం లేకుండా షుగర్ చెబుతుందని ఒక చేతి గడియారం ఆన్‌లైన్‌లో కొన్నాను. వెనుక ఆకుపచ్చ, ఎర్ర దీపాలు వెలుగుతాయి. మొదటి రోజు పరగడుపున 98 చూపింది, నాకు చాలా సంతోషమైంది. భోజనంలో రెండు బొబ్బట్లు తిన్నాక 101 చూపింది. అనుమానం వచ్చి వంటింట్లో ఉన్న సొరకాయకు ఆ గడియారం కట్టాను. సొరకాయకు 97. మా ఆవిడ మాత్రం సొరకాయ ఆరోగ్యానికి మంచిదని ఎప్పటి నుంచో చెబుతున్నానుగా అంది.

ఇది నా ఒక్కడి అనుమానం కాదు. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరి 21న ప్రజలకు హెచ్చరిక జారీ చేసింది. చర్మాన్ని గుచ్చకుండా తమంతట తాము రక్తంలోని షుగర్ కొలుస్తామని చెప్పే గడియారాలకు గాని, ఉంగరాలకు గాని తాము ఎలాంటి అనుమతీ ఇవ్వలేదని, వాటిని నమ్మి మందు వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని అందులో చెప్పింది. చేతికి సెన్సరు అంటించుకుని, దాని అంకెను గడియారంలో చూసుకోవడం వేరు సంగతి, అది నిజమైన కొలతే.

పెద్ద సంస్థలు కూడా ఈ దారిలో దెబ్బతిన్నాయి. 2001లో గ్లూకోవాచ్ అనే గడియారానికి అమెరికాలో అనుమతి వచ్చింది. సన్నని విద్యుత్తుతో చర్మం గుండా ద్రవాన్ని లాగి కొలిచేది. పెట్టుకున్నాక మూడు గంటలు ఆగాలి, వేలు గుచ్చి దానికి లెక్క నేర్పాలి, చెమట పడితే కొలత వదిలేసేది, తీసిన చోట చర్మం ఎర్రబడేది. కొన్నేళ్లకే మార్కెట్టు నుంచి పోయింది. 2014 జనవరిలో గూగుల్ కన్నీటిలోని చక్కెరను కొలిచే కాంటాక్ట్ లెన్సును ప్రకటించింది. 2018 నవంబరులో దాని సోదర సంస్థ వెరిలీ ఆ పని ఆపేసింది. కన్నీటి గ్లూకోజుకూ రక్తపు గ్లూకోజుకూ మధ్య నమ్మదగిన సంబంధం నిలబడకపోవడమే కారణమని వాళ్లే చెప్పారు. లెక్చరరు గారు లాలాజలం గురించి చెప్పిన చిక్కు లాంటిదే ఇదీ.

ఇందూరు అబ్బాయి (హైదరాబాద్):

సొరకాయ దగ్గర నేను ఓడిపోయాను. అమ్మకు వచ్చే వారం హెచ్‌బీఏ1సీ చేయిస్తాను. అయితే ఒక్క మాట మాత్రం వదులుకోను. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ఇంతమంది ఉన్నచోట సూది లేని పరీక్ష కోసం పరిశోధన జరగాలి. పనికిరాదని చెప్పి మూసేయకూడదు.

కాకతీయ తోరణం (వరంగల్):

మూసేయమని నేను అనలేదు. జరగాలి, మా విద్యార్థులు చేయాలని కూడా కోరుకుంటాను. లాలాజలపు కొలత ముందుగా నిలబడేది మోతాదు నిర్ణయించే చోట కాదు, ఎవరికి రక్తపరీక్ష అవసరమో ఏరే చోట అని నా అంచనా. టెక్కలి అక్కగారు చెప్పినదాన్ని చూస్తే అక్కడ కూడా అంత తేలిక కాదని ఇవాళ తెలుసుకున్నాను. అడ్డపొగ గురించి ఏ పత్రంలోనూ నేను ఆలోచించి ఉండలేదు.

మిరపతోట (గుంటూరు):

ఆర్డరు రద్దు చేశాను. వారం రోజుల్లో డబ్బు తిరిగి వస్తుందని మెసేజి వచ్చింది.

నా మనసులో ఉన్నది ఇంతకుముందు పూర్తిగా రాయలేదు. పగటి సూదులకు అమ్మాయి అలవాటు పడింది. రాత్రి మూడు గంటలకు నిద్రలో ఉన్న పిల్ల వేలు పట్టుకోవడమే మా వల్ల కావడం లేదు. పోయిన నెల ఒక రాత్రి ఎందుకో మెలకువ వచ్చి నుదురు తాకితే తడిగా ఉంది. గుచ్చితే 52. తేనె తినిపించి, పదిహేను నిమిషాలకు మళ్లీ గుచ్చితే 81. మరునాడు పొద్దున్నే బావగారి వీడియో వచ్చింది. అందుకే అంత తొందరపడ్డాను.

ఏడుకొండల నీడ (తిరుపతి):

మిరపతోట అన్నయ్యా, మా బాబుకు పదకొండేళ్లు, టైప్ 1 వచ్చి ఐదేళ్లయింది. రాత్రి సంగతికి లాలాజలం ఎలాగూ పనికిరాదు. నిద్రపోతున్న పిల్ల నోట్లో పట్టీ పెట్టడమంటే ముందు లేపాలి కదా. మీకు కావలసింది సీజీఎం, అంటే షుగర్‌ను నిరంతరం కొలిచే సెన్సరు. చేతి వెనుక వైపు అంటిస్తాం. సన్నని పోగు ఒకటి చర్మం కింద ఉండి, కణాల మధ్య ఉండే ద్రవంలోని షుగర్‌ను ఎప్పటికప్పుడు కొలుస్తుంది. అదీ కొంచెం గుచ్చేదే, కానీ రెండు వారాలకు ఒకసారి. రక్తం కంటే ఐదు పది నిమిషాలు వెనుకబడి చెబుతుంది. అలారం ఉన్న రకం తీసుకుంటే, షుగర్ 70 కంటే పడిపోతున్నప్పుడు మీ ఫోను మోగుతుంది.

ఖర్చు తక్కువేమీ కాదు. నేను కొనేది ఒక్కటి నాలుగున్నర వేల నుంచి ఐదు వేల వరకు అవుతోంది. అన్ని వారాలూ పెట్టలేక మేము నెలకు ఒకటి పెడతాం. పరీక్షల సమయంలో, జ్వరాల కాలంలో వరుసగా పెడతాం. మిగిలిన రోజుల్లో వేలే గతి. అప్పుడు కొన కండ మీద కాకుండా గోరుకు పక్కన గుచ్చండి, అక్కడ నొప్పి తక్కువ. లాన్సెట్ ప్రతిసారీ కొత్తది వాడండి, మొద్దుబారిన సూదే ఎక్కువ బాధ పెడుతుంది. చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగించి బాగా తుడవండి. మా బాబుకు ఒక మే నెలలో 342 వచ్చింది. ఇన్సులిన్ సిద్ధం చేసుకుని, ఎందుకో అనుమానం వచ్చి చేతులు కడిగించి మళ్లీ చూస్తే 128. అంతకు ముందు వాడు మామిడిపండు పిండుకుని తిన్నాడు, వేలికున్న రసమే స్ట్రిప్పు మీదికి ఎక్కింది.

పాత పరీక్షనాళిక (తెనాలి):

బంగినపల్లా, రసాలా తల్లీ? ఊరికే అడిగాను. వేలి మీద అంటిన రసమే అంకెను 200 పైన పెంచితే, దాన్ని తిన్న నోటిలో ఎంత మిగిలి ఉంటుందో నేను లెక్క కట్టలేను.

ఏడుకొండల నీడ (తిరుపతి):

చిన్న రసాలు మాస్టారూ.

మిరపతోట (గుంటూరు):

అందరికీ కృతజ్ఞతలు. మా డాక్టరు గారితో మాట్లాడి, ఆ 6,500లో నుంచే అలారం ఉన్న సెన్సరు ఒకటి తీసుకున్నాను. నిన్న సాయంత్రం ఆసుపత్రిలో అంటించారు. సెన్సరు చూపే అంకెకూ పిల్ల పరిస్థితికీ పొంతన లేకపోతే మాత్రం తప్పకుండా వేలు గుచ్చి చూడాలని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. అది విన్న మా అమ్మాయి ఇంటికి రాగానే క్యాలెండరు తీసి, పద్నాలుగు గడుల మీదుగా పొడవుగా ఒక గీత గీసి, దాని మీద "అందరికీ సెలవు" అని రాసింది. కాసేపు ఆలోచించి, దాని కిందే చిన్న అక్షరాలతో "కుడి చూపుడు వేలు డ్యూటీలో ఉంటుంది" అని చేర్చింది.

రాత్రి రెండున్నరకు ఫోను ఒకసారి మోగింది, 68. పాలు తాగించి పడుకోబెట్టాం.